హంప్ దారిలో కూలిన యుద్ధకాలపు రవాణా విమానాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

హంప్ అంటే ఏమిటి?

హంప్ అంటే మూపురం. రెండో ప్రపంచ యుద్ధంలో అస్సాం నుంచి చైనాలోని కున్‌మింగ్‌కు సరుకు మోసిన అమెరికన్ పైలట్లు తమ దారికి అడ్డుగా ఉన్న కొండలకు పెట్టుకున్న పేరు ఇది. 1942 ఏప్రిల్ చివర్లో జపాన్ సైన్యం బర్మాలోని లాషియోను పట్టుకుంది. దాంతో చైనాకు మిగిలిన ఒకే ఒక్క రోడ్డు మార్గం తెగిపోయింది. ఇక పెట్రోలు, బాంబులు, ట్రక్కు విడిభాగాలు, మందులు, చివరికి కాగితం కూడా గాల్లోనే వెళ్లాల్సి వచ్చింది. ఈ రాకపోకలు 1945 నవంబర్ దాకా సాగాయి. మొత్తం మీద సుమారు 6,50,000 టన్నులు చేరవేశారు.

చబువా, దింజన్, సూకెరటింగ్, మోహన్‌బారీ, జోర్హాట్, తేజ్‌పూర్, మిసామారి మొదలైనవి బయలుదేరే విమానాశ్రయాలు. చాలావరకు తేయాకు తోటల మధ్య వేసిన రన్‌వేలు. చబువా నుంచి కున్‌మింగ్‌కు దాదాపు 500 మైళ్లు, అంటే 800 కిలోమీటర్లు. బ్రహ్మపుత్ర లోయ దాటగానే పట్కాయ్ కొండలు 10,000 అడుగులకు లేస్తాయి. ఆ తర్వాత చింద్విన్ ఎగువ లోయ, కుమోన్ కొండలు, ఐరావతి రెండు పాయలు, సాల్వీన్, మెకాంగ్ వరుసగా వస్తాయి. ఒక్కో నదికీ పక్క నదికీ మధ్య 14,000 నుంచి 16,000 అడుగుల గట్టు ఉంటుంది. సాల్వీన్, మెకాంగ్‌ల మధ్య ఉన్న శాన్‌సుంగ్ కొండల వరుసే అసలు మూపురం. కున్‌మింగ్ విమానాశ్రయమే 6,200 అడుగుల ఎత్తున ఉంది కాబట్టి అవతల దిగడమూ సులువు కాదు.

మొత్తం ఎన్ని విమానాలు పోయాయి? ఒక్కో చోట ఒక్కో లెక్క ఎందుకు?

ఎక్కువగా చెప్పే లెక్క ప్రకారం కూలినవి, ఆచూకీ లేనివి, పనికిరాకుండా పోయినవి కలిపి కనీసం 594. చనిపోయిన లేదా గల్లంతైన సిబ్బంది కనీసం 1,659 మంది. దాదాపు 1,200 మందిని కాపాడారు.

లెక్కలు కలవకపోవడానికి కారణం ఆ దారిలో ఒకే సంస్థ ఎగరకపోవడం. అమెరికా ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్ కమాండ్ ఒకటి, చైనా నేషనల్ ఏవియేషన్ కార్పొరేషన్ మరొకటి. ఇవి కాక తమ బాంబులనూ పెట్రోలునూ తామే మోసుకున్న బాంబర్ దళాలున్నాయి. ఎవరి పద్దు వారిది. రన్‌వే మీద చక్రం విరిగిన విమానాన్ని ఒకరు ప్రమాదాల్లో కలిపితే మరొకరు కలపలేదు. అందుకే ఎక్కడైనా అంకె కనిపిస్తే, అది ఎవరి విమానాల లెక్కో చూడకుండా వాడకూడదు.

ఏయే విమానాలు వాడారు?

మొదట డగ్లస్ సి-47. రెండు ఇంజన్లు, ఒక్కోటి 1,200 హార్స్‌పవర్. ఎంత మొండిదైనా ఈ ఎత్తుకు సరిపడేది కాదు. 1943 వసంతంలో కర్టిస్ సి-46 వచ్చింది. దాని ఇంజన్లు ఒక్కోటి 2,000 హార్స్‌పవర్, మోసే బరువు కూడా బాగా ఎక్కువ. బి-24 బాంబర్‌ను సరుకు బండిగా మార్చితే సి-87, పెట్రోలు ట్యాంకర్‌గా మార్చితే సి-109. నాలుగు ఇంజన్ల సి-54 చివరి దశలో చేరింది.

సి-47కు సుమారు 5,000 పౌన్ల సరుకు అనుకుందాం. 55 గ్యాలన్ల పెట్రోలు పీపా ఇనుముతో కలిపి 380 పౌన్లు తూగుతుంది. అంటే 13 పీపాలు, సుమారు 700 గ్యాలన్లు. పోయిరావడానికి ఆ విమానమే దాదాపు 600 గ్యాలన్లు తాగుతుంది. ఈ లెక్క మనసులో ఉంచుకుంటే, ఒక్కో ట్రిప్పులో ఇంకొంచెం బరువు ఎక్కించాలన్న ఒత్తిడి ఎందుకు ఉండేదో అర్థమవుతుంది.

జపాన్ యుద్ధ విమానాలు కూల్చినవే ఎక్కువా?

కాదు. శత్రువు చేతిలో పోయినవి కొద్ది భాగమే. అయితే శత్రువు ప్రభావం వేరే రకంగా పనిచేసింది. ఉత్తర బర్మాలోని మిట్‌కినా నుంచి జపాన్ ఫైటర్లు లేచేవి. వాటికి దూరంగా ఉండటానికి సరుకు విమానాలు ఉత్తరానికి జరిగి, ఇంకా ఎత్తయిన కొండల మీదుగా, మబ్బుల చాటున, రాత్రిపూట ఎగరాల్సి వచ్చింది. 1944 ఆగస్టు 3న మిట్‌కినా మిత్రపక్షాల వశమయ్యాక దక్షిణాన తక్కువ ఎత్తు దారి తెరుచుకుంది. ప్రమాదాల రేటు తగ్గడానికి అది ఒక కారణం.

1944 జనవరిలో ప్రతి 1,000 గంటల ప్రయాణానికి దాదాపు 2 ప్రమాదాలు. ఏడాది తర్వాత, 1945 జనవరిలో అది 0.3కు దిగింది. 1944 సెప్టెంబర్‌లో ఈ రాకపోకల పగ్గాలు చేపట్టిన జనరల్ విలియం టన్నర్ నిర్వహణ పద్ధతి మార్చారు. ప్రతి విమానాన్నీ ఒకే సిబ్బంది మొదటి నుంచి చివరి దాకా చూడటానికి బదులు, కార్ఖానాలోలా వరుస స్టేషన్ల గుండా నడిపించారు. అంతకుముందు పైలట్లు 650 గంటలు ఎగరడం పూర్తి చేస్తే ఇంటికి పంపేవారు. కొందరు వేగంగా ఇల్లు చేరాలని రోజుకు రెండు మూడు సార్లు ఎగిరి అలసిపోయేవారు. టన్నర్ దాన్ని 750 గంటలు చేసి, కనీసం ఏడాది ఉండాలన్న షరతు కలిపారు. పైలట్లకు నచ్చలేదు కానీ తొందరపడటానికి కారణం పోయింది.

మంచు పేరుకుంటే విమానం ఎందుకు పడిపోతుంది? బరువు వల్లేనా?

బరువు ఒక్కటే అయితే చాలాసార్లు నెగ్గుకురావచ్చు. అసలు దెబ్బ ఆకారం మీద పడుతుంది. రెక్క ముందంచు మీద మంచు గరుకుగా పేరుకుంటే గాలి దాని మీదుగా జారకుండా చెదిరిపోతుంది. ఎత్తే బలం తగ్గుతుంది, వెనక్కి లాగే బలం పెరుగుతుంది. ఇంతకుముందు గంటకు 90 మైళ్లకు పట్టు తప్పే రెక్క ఇప్పుడు ఇంకా ఎక్కువ వేగం దగ్గరే పట్టు తప్పుతుంది.

సి-47 రెక్కల ముందంచుకు రబ్బరు తొడుగులు ఉండేవి. వాటిలోకి గాలి కొట్టి ఉబ్బిస్తే మంచు పెంకులా పగిలి ఊడిపోవాలి. పలచగా ఉన్నప్పుడే ఉబ్బిస్తే మంచు పగలకుండా తొడుగుతో పాటే సాగి గూడులా నిలుస్తుందని, మరీ ఆలస్యం చేస్తే తొడుగు చాలదని పైలట్లు చెప్పుకునేవారు. ప్రొపెల్లర్ మీదికి ఆల్కహాల్ చిమ్మే ఏర్పాటు ఉండేది. ఒక ఆకు మీద మంచు ఊడి మరో ఆకు మీద మిగిలితే ఇంజన్ మొత్తం వణుకుతుంది. ఊడిన గడ్డలు విమానం పక్కకు తగిలి సుత్తి దెబ్బల్లా మోగేవి.

ఇక కార్బురేటర్, అంటే పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు పంపే భాగం. పెట్రోలు ఆవిరయ్యే చోట చలి పుడుతుంది, అక్కడి తేమ గడ్డకడుతుంది, ఇంజన్‌కు ఊపిరి ఆడదు. వేడిగాలి మళ్లించే మీట లాగితే కరుగుతుంది. కానీ లాగిన వెంటనే శక్తి ఇంకా తగ్గి, కరిగిన నీరు లోపలికి వెళ్లి ఇంజన్ దగ్గుతుంది. కొత్త పైలట్ భయపడి మీట మూసేస్తాడు. అంతటితో పని అయిపోయినట్టే.

ఈ విషయంలో సి-87 చెడ్డపేరు తెచ్చుకుంది. దాని సన్నని పొడవాటి రెక్క పొడి గాలిలో గొప్పది, కాస్త మంచు తగిలితే చాలు లొంగిపోయేది.

గాలి అంత పెద్ద సమస్యా?

లెక్క వేసి చూడండి. విమానం వేగం గంటకు 180 మైళ్లు, దూరం 500 మైళ్లు. గాలి లేకపోతే రెండు గంటల ముప్పావు. వెనక నుంచి 100 మైళ్ల గాలి ఉంటే గంటా 47 నిమిషాల్లో చేరుతుంది. అదే గాలి తిరుగు ప్రయాణంలో ఎదురైతే ఆరుంపావు గంటలు పడుతుంది. ఆ దారిలో చలికాలంలో 100 మైళ్ల పడమటి గాలి అరుదేమీ కాదు.

పక్క గాలి ఇంకా ప్రమాదం. దక్షిణం నుంచి 60 మైళ్ల గాలి వీస్తుంటే తూర్పుకు వెళ్లే పైలట్ ముక్కును 19 డిగ్రీలు దక్షిణానికి తిప్పి ఉంచాలి. ఆ గాలి ఉందని తెలియక నేరుగా వెళ్తే కున్‌మింగ్ అనుకున్న సమయానికి 165 మైళ్లు ఉత్తరాన ఉంటాడు. ఉత్తరాన కొండలు ఇంకా ఎత్తు. 1943 నవంబర్ 30న కున్‌మింగ్ నుంచి తిరిగి వస్తున్న ఒక సి-87 ఇలాగే కొట్టుకుపోయి, పెట్రోలు అయిపోయి, అందులోని ఐదుగురు టిబెట్‌లోని త్సెతాంగ్ దగ్గర దూకారు. లాసా మీదుగా భారత్ చేరారు.

గాలి గట్టు దాటి కిందికి వాలే చోట నిమిషానికి వేల అడుగుల చొప్పున విమానాన్ని కిందికి తోస్తుంది. పూర్తి శక్తి ఇచ్చినా సి-47 నిమిషానికి కొన్ని వందల అడుగులే ఎక్కగలదు. 1945 జనవరి 6, 7 తేదీల రాత్రి వచ్చిన తుపాను ఈ దారి చరిత్రలో అన్నిటికన్నా ఘోరమైనది. శత్రువు తూటా ఒక్కటీ తగలకుండానే ఒక్క రాత్రిలో ఎన్నో విమానాలు పోయాయి.

రేడియో ఉండగా దారి ఎలా తప్పారు?

రేడియో దిక్సూచి ముల్లు నేల మీది బీకన్ వైపు, అంటే సంకేతాలు పంపే కేంద్రం వైపు చూపాలి. కానీ ఉరుముల మబ్బు కూడా రేడియో తరంగాలను పుట్టిస్తుంది. అది బీకన్ కన్నా బలంగా ఉంటే ముల్లు దాని వైపే తిరుగుతుంది. రాత్రిపూట దూరపు సంకేతాలు ఆకాశంలోని అయనావరణమనే పై పొర నుంచి పరావర్తనం చెంది వస్తాయి కాబట్టి ముల్లు ఊగిసలాడుతుంది. బీకన్లు కొద్ది, వాటి మధ్య దూరం ఎక్కువ.

ఎత్తు చూపే మీటర్ ఉంది కదా, కొండను ఎలా ఢీకొన్నారు?

ఆ రోజుల ఆల్టిమీటర్ ఎత్తును కొలవదు. గాలి పీడనాన్ని కొలిచి, మామూలు రోజు అయితే ఇది ఇంత ఎత్తు అని చెబుతుంది. మామూలు రోజు కాకపోతే తప్పు చెబుతుంది.

చలి వల్ల వచ్చే తప్పు: గాలి మామూలు కన్నా 10 డిగ్రీల సెల్సియస్ చల్లగా ఉంటే దాదాపు 4 శాతం తేడా. మీటర్ 15,000 చూపుతుంటే నిజంగా ఉన్నది 14,400 దగ్గర. పీడనం వల్ల వచ్చే తప్పు: బయలుదేరిన చోటి పీడనానికి మీటర్ సరిచేసి, అల్పపీడనంలోకి వెళ్తే, పాదరసం అంగుళంలో పదో వంతు తేడాకు సుమారు 100 అడుగులు. రెండూ ఒకే వైపు తోస్తాయి: మీటర్ ఎక్కువ చూపుతుంది, విమానం తక్కువలో ఉంటుంది. దీనికి తోడు అప్పటి పటాల్లో కొన్ని శిఖరాల ఎత్తులు సరిగ్గా లేవు. వెయ్యి అడుగుల వెసులుబాటు ఉందనుకున్న పైలట్‌కు నిజానికి ఏమీ ఉండకపోవచ్చు.

ఆక్సిజన్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 10,000 అడుగులు దాటాక మాస్కు లేకపోతే ఆలోచన మందగిస్తుంది. కష్టమేమిటంటే అలా మందగించినట్టు ఆ మనిషికి తెలియదు, అంతా బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది.

ఒక ఇంజన్ ఆగితే రెండోదానితో రాలేరా?

చదునైన నేల మీద రావచ్చు. నిండు బరువుతో 15,000 అడుగుల్లో ఒక ఇంజన్ మీద సి-47 గాని సి-46 గాని ఆ ఎత్తు నిలుపుకోలేవు. నెమ్మదిగా దిగుతూ, గాలి చిక్కబడిన చోట నిలబడతాయి. ఆ చోటు గట్టు కన్నా కిందే ఉంటుంది. కాబట్టి సిబ్బంది చేసేది ఒకటే వరుస: ఆగిన ఇంజన్ ప్రొపెల్లర్ ఆకులను గాలికి అంచుగా తిప్పడం, సరుకును తలుపులోంచి తోసేయడం, లోయ వైపు మళ్లడం, అదీ కుదరకపోతే దూకడం. 380 పౌన్ల పీపాను ఊగుతున్న విమానంలో తలుపు దాకా దొర్లించడం ఎంత పని అన్నది ఊహించుకోవాల్సిందే.

సి-46లు గాల్లోనే పేలిపోయేవన్నది నిజమా?

నిజమే. 1943 మే నుంచి 1945 మార్చి దాకా సి-46లు గాల్లో మండిన లేదా పేలిన ఘటనలు 31 నమోదయ్యాయి. ఆచూకీ లేనివాటిలో ఇలాంటివి ఇంకెన్నో ఉండి ఉంటాయి. పెట్రోలు గొట్టాల నుంచి కారినది బయటికి పోకుండా రెక్క మొదట్లో నిలిచేది. అక్కడ గాలి ఆడే దారి లేదు. విద్యుత్ పంపు నుంచి ఒక నిప్పురవ్వ చాలు. రెక్కకు గాలి మార్గాలు పెట్టడం, పంపులకు నిప్పురవ్వ బయటికి రాని తొడుగులు వేయడం వంటి పూర్తి మరమ్మతు యుద్ధం అయ్యాక గాని జరగలేదు.

పారాచూట్‌తో దూకినవారు ఎలా బతికారు?

మొదటి గండం చెట్లు. 100 అడుగుల చెట్టు కొనకు గుడ్డ తగులుకుంటే కిందికి దిగడమే ఒక పని. తాళ్లు కోసుకుని దూకి కాళ్లు విరగ్గొట్టుకున్నవారు ఉన్నారు. పారాచూట్ తాళ్లను ముడివేసి నిచ్చెనలా దిగడం మేలు.

దిగాక చేయాల్సింది: గుడ్డను వదలకూడదు. అది గుడారం, దుప్పటి, ఆకాశం నుంచి కనిపించే గుర్తు, అన్నీను. విమాన శకలం దగ్గరలో ఉంటే అక్కడే ఉండాలి, పై నుంచి మనిషి కన్నా శకలం త్వరగా కనబడుతుంది. కానీ చెట్లు శకలాన్ని మింగేసిన చోట నీటి వెంట దిగువకు నడవాలి, ఎక్కడో ఊరు తగులుతుంది. నీటి వెంట అంటే నీటిలోంచి కాదు. ఆ కొండల్లో వాగులు ఉన్నట్టుండి జలపాతాలవుతాయి, ఒడ్డు మీద ఉండి నడవాలి. కత్తి, అగ్గిపెట్టెలు, గాలం ముళ్లు, మలేరియా మాత్రలు, పటం వంటివి కిట్‌లో ఉండేవి. జలగ కాట్లు పుండ్లవుతాయి, అగ్గితోనో ఉప్పుతోనో కాకుండా వేలిగోరుతో దాని నోటిని పక్కకు జరిపి వదిలించాలి.

చాలామందిని బతికించింది ఆ కొండల్లోని ఊళ్లవాళ్లే. నాగా, ఆది, మిష్మి, లిసు, కచిన్ ఊళ్లలో తిండి పెట్టి, గాయపడినవారిని వీపున మోసి రోడ్డు దాకా తెచ్చారు. సిబ్బంది జాకెట్‌కు స్థానిక భాషల్లో సాయం కోరే మాటలు రాసిన పట్టు గుడ్డ కుట్టేవారు. చదవడం రాని చోట ఆ గుడ్డ కన్నా ఉప్పు, వెండి నాణాలు ఎక్కువ పనిచేశాయి.

1943 ఆగస్టులో నాగా కొండల్లో దూకినవారి సంగతేమిటి?

ఆ ఏడాది ఆగస్టు 2న చబువా నుంచి కున్‌మింగ్‌కు వెళ్తున్న సి-46కు ఎడమ ఇంజన్ చెడింది. అందులో 21 మంది. రేడియో విలేకరి ఎరిక్ సెవరైడ్, దౌత్యవేత్త జాన్ పేటన్ డేవీస్ కూడా ఉన్నారు. 20 మంది బతికారు, కోపైలట్ చనిపోయాడు. సైనిక వైద్యుడు డాన్ ఫ్లికింజర్ ఇద్దరు సహాయకులతో అదే రోజు వాళ్ల దగ్గరికి పారాచూట్‌తో దూకాడు. తర్వాత బ్రిటిష్ అధికారి ఫిలిప్ ఆడమ్స్ కూలీలతో వచ్చి దారి చూపగా, ఆగస్టు చివరికి నడిచి బయటపడ్డారు.

ఈ ఘటనకు ఇంత పేరు రావడానికి ప్రముఖులు ఉండటమే కారణం. కానీ గాయపడినవారి దగ్గరికి వైద్యుడే ముందు దిగాలి అన్న పద్ధతి దీంతో గట్టిపడింది.

వెతికే దళాలు ఉండేవా?

మొదట్లో లేవు. విమానం రాకపోతే తోటి పైలట్లు తమ ట్రిప్పులో కిందికి చూస్తూ వెళ్లేవారు. 1943లో కెప్టెన్ జాన్ పోర్టర్ కొందరితో ఒక గాలింపు బృందం కట్టాడు. అదే ఏడాది డిసెంబర్‌లో గాలింపులో ఉండగానే అతని విమానం జపాన్ ఫైటర్ల చేతిలో కూలి చనిపోయాడు. తర్వాత ఈ పనిని మోహన్‌బారీలో ఒకే దళం కిందికి తెచ్చారు.

పద్ధతి ఇది. చివరి రేడియో మాట ఎక్కడి నుంచి వచ్చిందో, అప్పటి గాలి ఎటు వీచిందో చూసి పటం మీద ఒక గడి గీస్తారు. ఉదయం పొగమంచు విడిన కొద్ది గంటల్లో గళ్లు గళ్లుగా ఎగురుతారు. అద్దం మెరుపు, పొగ, పరచిన తెల్ల గుడ్డ కనిపిస్తే ముందు తిండి, మందులు, చెప్పులు, ఒక చీటీ జారవిడుస్తారు. చీటీలో ఏ వైపు నడవాలో, లేక కదలకుండా ఉండాలో రాస్తారు. ఆ తర్వాత కాలినడక బృందం బయలుదేరుతుంది. గాల్లో 20 నిమిషాల దూరం నేల మీద రెండు వారాలు కావచ్చు.

హెలికాప్టర్లు వాడలేదా?

అప్పుడే పుడుతున్నాయి. 1944 ఏప్రిల్ చివర్లో బర్మాలో లెఫ్టినెంట్ కార్టర్ హార్మన్ ఒక సికోర్స్కీ వైఆర్-4బితో నలుగురిని ఒక్కొక్కరిగా బయటికి తెచ్చాడు. యుద్ధరంగంలో హెలికాప్టర్‌తో జరిగిన తొలి రక్షణ అది. దాని ఇంజన్ సుమారు 180 హార్స్‌పవర్. వేడిగాలిలో పైలట్ కాక ఒక్క మనిషినే మోయగలిగేది. 10,000 అడుగుల గట్లకు అది పనికిరాదు.

ఇన్నేళ్లు శకలాలు ఎందుకు దొరకలేదు?

కొండను నేరుగా ఢీకొన్న విమానం పొడవైన శకలంగా ఉండదు, చిన్న చిన్న ముక్కలై ఏటవాలు మీద చెల్లాచెదురవుతుంది. రెండు వానాకాలాల్లో వెదురు పైకి లేస్తుంది. కొండచరియ విరిగితే మట్టి కిందికి పోతుంది. మిగిలిన అల్యూమినియం రేకును ఊళ్లవాళ్లు గిన్నెలకు, కప్పులకు వాడుకున్నారు, ఉక్కును కత్తులకు సాగదీశారు. అందుకే శకలం ఎక్కడుందో మొదట తెలిసేది వేటగాళ్లకే.

అరుణాచల్ ప్రదేశ్‌లోని దమ్‌రో దగ్గర దొరికిన బి-24 దీనికి ఉదాహరణ. 1944 జనవరి 25న ఎనిమిది మందితో కున్‌మింగ్ నుంచి చబువాకు వస్తూ మాయమైంది. స్థానికుల సాయంతో ఒక అమెరికన్ పర్వతారోహకుడు 2006లో ఆ చోటు చేరాడు. 2015లో అమెరికా బృందం తవ్వింది. దొరికిన అవశేషాలను 2016లో ఢిల్లీ నుంచి పంపారు. అందులో ఒక అధికారిని 2017లో గుర్తించి జార్జియా రాష్ట్రంలో సొంత ఊళ్లో ఖననం చేశారు. చనిపోయిన 73 ఏళ్లకు.

శకలం ఏ రకం విమానానిదో ఎలా చెప్పాలి?

ఇంజన్ దగ్గర మొదలుపెట్టండి. అది బరువు, ఎవరూ మోసుకుపోలేరు. సిలిండర్లు లెక్కపెట్టండి. ఏడేసి చొప్పున రెండు వరుసలు, మొత్తం 14 ఉంటే ఎక్కువగా ప్రాట్ అండ్ విట్నీ ఆర్-1830. అది సి-47ది గాని, బి-24, సి-87, సి-109లది గాని కావచ్చు. తొమ్మిదేసి రెండు వరుసలు, మొత్తం 18 ఉంటే ఆర్-2800, అంటే ఎక్కువగా సి-46. ఇలాంటి 14 సిలిండర్ల ఇంజన్లు నాలుగు దొరికితే బి-24 కుటుంబం గాని, 14 సిలిండర్ల ఆర్-2000 ఇంజన్లు వాడిన సి-54 గాని కావచ్చు. ప్రొపెల్లర్‌కు నాలుగు ఆకులుంటే సి-46 అనుకోవచ్చు. మూడే ఉన్నంత మాత్రాన కాదని చెప్పలేం, తర్వాతి వాటికి మూడు ఆకులవీ బిగించారు.

తర్వాత సంఖ్యలు. ఇంజన్ మీది చిన్న లోహపు రేకులో ఇంజన్ సంఖ్య ఉంటుంది. తోక మీద రాసిన అంకెలో సంవత్సరం మొదటి అంకె, గీత తీసేసి రాసేవారు. ఉదాహరణకు 42తో మొదలయ్యే సంఖ్య తోక మీద 2తో మొదలవుతుంది. గల్లంతైన సిబ్బంది నివేదికల్లో విమానం సంఖ్యతో పాటు ఇంజన్ల సంఖ్యలు, మర తుపాకులుంటే వాటి సంఖ్యలు కూడా రాశారు. ఒక్క ఇంజన్ రేకు స్పష్టంగా చదవగలిగితే చాలు. రేకు మీది నాచును వైరు బ్రష్‌తో గీకవద్దు, అంకెలు పోతాయి. నీళ్లు చల్లి, మెత్తని బ్రష్‌తో తుడిచి, టార్చి వెలుగును పక్క నుంచి వేసి ఫొటో తీయండి.

ఎలా కూలిందో శకలం చూసి చెప్పవచ్చా?

కొంతవరకు. ప్రొపెల్లర్ ఆకుల చివరలు ముందుకు మెలిదిరిగితే ఇంజన్ శక్తితో తిరుగుతుండగా ఢీకొందని సూచన. అన్నీ వెనక్కి వంగితే శక్తి లేకుండా తిరుగుతోంది. ఆకులు అంచుగా తిరిగి నిలిచి ఉంటే పైలట్ ఆ ఇంజన్‌ను కావాలని ఆపాడు. నాలుగు మూలలు, అంటే ముక్కు, తోక, రెండు రెక్కల చివరలు ఒకే చోట ఉంటే ముక్కలు కాకుండా వచ్చి తగిలిందన్నమాట. రెక్క ఒక కొండ మీద, తోక రెండు కిలోమీటర్ల అవతల దొరికితే గాల్లోనే విడిపోయింది. కాలిన గుర్తులు మాత్రం మోసం చేస్తాయి, చాలాసార్లు మంట నేల మీదికి వచ్చాకే పుడుతుంది.

కొండల్లో నడుస్తుండగా శకలం కనిపిస్తే ఏం చేయాలి?

ముందు చేయి వేయకండి. సరుకు విమానంలో బాంబులు, తూటాలు ఉండవచ్చు. శత్రు మిత్ర గుర్తింపు రేడియోలో దాన్ని ధ్వంసం చేసే చిన్న పేలుడు మందు పెట్టేవారు. కాబట్టి నల్లటి రేడియో పెట్టెలను తెరవకండి, తన్నకండి. చీకట్లో మెరిసేలా మీటర్ల ముళ్లకు, అంకెలకు పూసిన రంగులో రేడియం ఉంటుంది. మెరుపు పోయినా రేడియోధార్మికత పోదు. అద్దం పగిలిన మీటర్‌ను జేబులో వేసుకోవడం తెలివితక్కువ పని.

జీపీఎస్ సంఖ్య, ఎత్తు రాసుకోండి. దూరం నుంచి ఒకటి, నాలుగు దిక్కుల నుంచి నాలుగు, ప్రతి సంఖ్యకు దగ్గర నుంచి ఒకటి ఫొటో తీయండి. పక్కన కొలబద్ద గాని తెలిసిన వస్తువు గాని పెట్టండి. ఎముక, బూటు, ఉంగరం, మెడలో వేసుకునే గుర్తింపు బిళ్ల కనిపిస్తే కదపకండి, ఏ వస్తువు దేని పక్కన ఉందన్నదే గుర్తింపుకు ఆధారం. దగ్గరి పోలీసు స్టేషన్‌కు లేదా జిల్లా యంత్రాంగానికి చెప్పండి. ఖచ్చితమైన చోటును సోషల్ మీడియాలో పెడితే వారంలో తుక్కు వ్యాపారులు వస్తారు.

ఎముకలు ఎవరివో ఎలా తేలుస్తారు?

అమెరికా వారి కోసం ఈ పని చేసేది యుద్ధఖైదీలు, గల్లంతైనవారి లెక్క తేల్చే రక్షణ శాఖ ఏజెన్సీ. స్థలాన్ని చతురస్రాలుగా విభజించి, ఒక్కో గడిలోని మట్టినంతా పావు అంగుళం, అంటే 6 మిల్లీమీటర్ల జల్లెడ పడతారు. పంటి ముక్క కూడా జారిపోకూడదు. హవాయిలోని ప్రయోగశాలలో ఎముకలను, పళ్లను పాత వైద్య రికార్డులతో పోలుస్తారు. డీఎన్‌ఏలో ఎక్కువగా వాడేది తల్లి వైపు నుంచి వచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏ, పాత ఎముకలో అది మిగిలే అవకాశం ఎక్కువ. అందుకే చనిపోయినవాడి కొడుకు నమూనా దానికి పనికిరాదు, చెల్లెలి కొడుకుది పనికొస్తుంది. ఆమ్లం ఎక్కువగా ఉండే కొండ మట్టిలో ఎముక కరిగిపోతుంది, ఏమీ దొరకని చోట్లూ ఉన్నాయి.

దొరకనివారి పేర్లు ఫిలిప్పీన్స్‌లోని మనీలా అమెరికన్ సైనిక శ్మశానంలో రాతిపలకల మీద చెక్కి ఉన్నాయి. ఎవరినైనా గుర్తించాక ఆ పేరు పక్కన చిన్న కంచు గుర్తు బిగిస్తారు.

సామాన్యులు ఇవి చూడగలరా?

అరుణాచల్‌లోని పాసీఘాట్‌లో హంప్ యుద్ధ మ్యూజియం 2023 నవంబర్‌లో తెరిచారు. శకలాలు, ఇంజన్ భాగాలు, సిబ్బంది వస్తువులు అక్కడ ఉన్నాయి. కొండల్లో చెదిరి ఉన్న చోట్లకు వెళ్లాలంటే ఇతర రాష్ట్రాల భారతీయులకు ఇన్నర్ లైన్ పర్మిట్, విదేశీయులకు రక్షిత ప్రాంత అనుమతి తప్పనిసరి. వానాకాలం మానుకోండి. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా జలగలు తక్కువ, దారి కనబడుతుంది, కానీ ఎత్తయిన చోట్ల మంచు ఉంటుంది. దారి తెలిసిన ఊరివారు లేకుండా ఒక్క శకలం దగ్గరికీ చేరలేరు.

ఇప్పటి విమానాలకు ఆ కొండలు సులువేనా?

2019 జూన్ 3న భారత వాయుసేన ఏఎన్-32 ఒకటి జోర్హాట్ నుంచి అరుణాచల్‌లోని మెచుకాకు బయలుదేరింది, 13 మంది ఉన్నారు. ఉపగ్రహాలు, రాడార్ విమానాలు, హెలికాప్టర్లు అన్నీ గాలించాయి. శకలం కనిపించింది 11న, లిపోకు ఉత్తరాన దాదాపు 12,000 అడుగుల ఎత్తున. ఎవరూ బతకలేదు. పర్వతారోహకులను హెలికాప్టర్‌తో దింపినా, అవశేషాలను కిందికి తేవడానికి మరో వారం పైగా వాతావరణం కోసం ఎదురుచూడాల్సి వచ్చింది.